డ్రాయింగ్ సార్ పోస్టు

విద్యా హక్కు చట్టం చివర ఒక షెడ్యూలు ఉంది. బడి అన్నాక ఏమేం ఉండాలో 2009లోనే పార్లమెంటు అందులో రాసిపెట్టింది. ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో వందమందికి మించి పిల్లలుంటే పూర్తికాలపు హెడ్మాస్టరు ఉండాలి. కళలకు ఒకరు, ఆరోగ్యం–వ్యాయామానికి ఒకరు, పని విద్యకు ఒకరు, పార్ట్‌టైంగానైనా సరే, ఉండి తీరాలి. ఆటస్థలం ఉండాలి, లైబ్రరీ ఉండాలి. ఏడాదికి 220 పనిదినాలు, వెయ్యి గంటల బోధన జరగాలి. ఇప్పుడు 2024లో తెలంగాణ ప్రభుత్వం ఇచ్చిన డీఎస్సీ నోటిఫికేషన్ తీసి చూడండి. మొత్తం 11,062 పోస్టులు. స్కూల్ అసిస్టెంట్లు, ఎస్జీటీలు, భాషా పండితులు, ప్రత్యేక అవసరాలున్న పిల్లల టీచర్లు పోగా పీఈటీలు 182. డ్రాయింగ్‌కు, సంగీతానికి, చేతిపనికి ఒక్క పోస్టూ లేదు.

చదువూ కళా ఆటా కలిసిన విద్య మంచిదా కాదా అన్న వాదన మన దగ్గర ఎప్పుడో తేలిపోయింది. చట్టం ఒప్పుకుంది, ప్రణాళికలు ఒప్పుకున్నాయి, టీచర్ల శిక్షణలో ఏటా అదే మాట చెబుతారు. తేలనిది వేరే ఉంది. వారానికి సుమారు 48 పీరియడ్లుండే టైంటేబుల్‌లో ఆ పీరియడ్ నిజంగా జరుగుతుందా? జరిగితే గదిలోకి వచ్చేదెవరు? ఈ సంగతిని మన సంగారెడ్డి జిల్లాలోని ముత్తంగి వైపు నుంచి చూడాలని నా ఉద్దేశం. ఎందుకంటే ఈ లోటు పిల్లలందరికీ ఒకేలా తగలదు.

పటాన్‌చెరు దాటాక 65వ జాతీయ రహదారికి ఔటర్ రింగ్ రోడ్డు తగిలే చోట ముత్తంగి ఉంది. ముందుకు పోతే ఇస్నాపూర్, పాశమైలారం పారిశ్రామిక వాడ, రుద్రారం, కంది. వెనక్కి వస్తే రామచంద్రాపురం బీహెచ్‌ఈఎల్. 1972లో పెట్టిన ఇక్రిశాట్ పొలాలు ఒకవైపు, కందిలో ఐఐటీ ఇంకోవైపు. దేశం గొప్పగా చెప్పుకునే విజ్ఞానమంతా ఈ ఒక్క రోడ్డు మీదే ఉంది. ఇదే రోడ్డు పక్క ఒక్క గది అద్దె ఇళ్లలో మందుల కంపెనీల్లో, ఇనుప పనుల్లో షిఫ్టులు చేసే కుటుంబాలున్నాయి. మెదక్, నారాయణఖేడ్ వైపు నుంచి వచ్చినవాళ్లతో పాటు బీహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చినవాళ్లూ చాలామంది. ఆ గదిలో పన్నెండేళ్ల పిల్ల కాళ్లు చాపుకుని బొమ్మ వేసుకునే జాగా ఉండదు. నైట్ షిఫ్టు చేసొచ్చి పగలు పడుకున్న నాన్న పక్కన పాట పాడుకోవడానికి వీలుండదు. బయట లారీలు. ఖాళీ ప్లాట్లన్నిటికీ ప్రహరీలు లేచాయి.

కొండాపూర్‌లోనో కూకట్‌పల్లిలోనో ఉండే పిల్లకు బడిలో డ్రాయింగ్ లేకపోతే శనివారం క్లాసు ఉంటుంది. ఈత నేర్పే కోచ్, కూచిపూడి నేర్పే టీచర్, కనీసం అపార్ట్‌మెంటు కింద షటిల్ కోర్టు ఉంటాయి. అక్కడ బడి వదిలేసిన పని ఇల్లు చేస్తుంది. ముత్తంగి లేబర్ రూముల్లోని పిల్లకు బడి వదిలేస్తే అంతే, చేసేవాళ్లు ఇంకెవరూ లేరు. కళలూ ఆటలూ డబ్బున్నవాళ్ల ముచ్చట్లని, పేద పిల్లలకు ముందు లెక్కలూ ఇంగ్లీషూ రావాలని అనేవాళ్లు ఈ ఒక్క తేడా గమనించాలి. కళల పీరియడ్ అవసరం ఎక్కువగా ఉన్నది ఇక్కడే.

కాగితాల మీది చరిత్రను త్వరగా దాటేస్తాను. అందులో పెద్ద లోపం లేదు. 1937 అక్టోబరులో వార్ధాలో గాంధీ పిలిచిన సదస్సు చేతిపని మధ్యగా చదువు సాగాలంది. ఆ పథకాన్ని రాసిన కమిటీకి పెద్ద జాకిర్ హుస్సేన్, పుట్టింది మన హైదరాబాద్‌లోనే. 1964–66 కొఠారి కమిషన్ పని అనుభవం అంది. 2005 జాతీయ ప్రణాళిక చట్రం సంగీతం, నాట్యం, నాటకం, చిత్రకళల మీద ప్రత్యేకంగా పత్రమే రాసింది. దాన్ని పట్టుకుని 2011లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ తన చట్రం తయారు చేసుకుంది. కళలు–సాంస్కృతిక విద్య, పని–కంప్యూటర్ విద్య, విలువలు–జీవన నైపుణ్యాలు, ఆరోగ్యం–వ్యాయామం అని నాలుగు సహపాఠ్య విషయాలకు గ్రేడ్లు పెట్టింది. నిరంతర సమగ్ర మూల్యాంకనం వచ్చాక ఆ గ్రేడ్లు రిజిస్టర్లలోకి ఎక్కుతూనే ఉన్నాయి. బొమ్మ వేయించకుండా బొమ్మకు గ్రేడు వేయాల్సి రావడం ఏ టీచరుకూ ఇష్టమైన పని కాదు. సిలబస్ కాలేదు, ఎస్ఏ (సమ్మేటివ్) పరీక్ష దగ్గరపడింది, పై నుంచి ఆన్‌లైన్‌లో గ్రేడ్లు అడుగుతున్నారు. సైన్స్ మేడం ఏం చేయగలదు?

2020 జాతీయ విద్యా విధానం ఇంకో అడుగు ముందుకేసి ఆరు, ఏడు, ఎనిమిది తరగతులను ‘మిడిల్’ దశగా విడదీసింది. చదువుకూ సహపాఠ్యానికీ మధ్య గోడ వద్దంది. సంచీ లేని రోజులు పది ఉండాలంది. 2023 చట్రం కళలను, వ్యాయామాన్ని, వృత్తి విద్యను లెక్కలతో సమానంగా పూర్తిస్థాయి విషయాలుగా లెక్కించింది. మరుసటి ఏడాది ఎన్‌సీఈఆర్‌టీ ఆరో తరగతికి కళలకు ‘కృతి’, ఆటలకు ‘ఖేల్ యాత్ర’, పనికి ‘కౌశల్ బోధ్’ అనే పుస్తకాలు తెచ్చింది. పుస్తకం వచ్చిందంటే ఆ విషయానికి గౌరవం వచ్చినట్టేనని సంతోషించాను. కానీ ఆట పుస్తకం చదివించి పరీక్ష పెట్టడం మనవాళ్లకు చాలా సులువు. అది జరగకూడదు. మన రాష్ట్రంలో నాలుగో శనివారం బ్యాగు లేని రోజు అని 2023–24 నుంచి క్యాలెండరులో వేశారు. ఆ రోజు ఏం చేయించాలో నేర్పినవాళ్లున్న బడిలో అది పిల్లలకు పండుగే. లేని బడిలో హాజరు తగ్గే శనివారం.

ఇక ఇలాంటి చదువు నిజంగా నడిచిన చోట్లు. అందులో మొదట చెప్పాల్సింది జర్మనీలోని స్టుట్‌గార్ట్ గురించి, అదీ ఫ్యాక్టరీ గురించి. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన ఏడాదికి, 1919లో, వాల్డార్ఫ్ ఆస్టోరియా అనే సిగరెట్ల కంపెనీ యజమాని ఎమిల్ మోల్ట్ తన కార్మికుల పిల్లల కోసం బడి పెట్టాలనుకున్నాడు. రుడాల్ఫ్ స్టైనర్‌ను పిలిచి పాఠ్యక్రమం తయారు చేయించాడు. సెప్టెంబరులో 256 మంది పిల్లలతో బడి మొదలైంది. వాళ్లలో ఎక్కువమంది ఫ్యాక్టరీ కుటుంబాలవాళ్లే. కార్మికుడి కొడుకూ ఆఫీసరు కూతురూ ఒకే గదిలో, మగపిల్లలూ ఆడపిల్లలూ కలిసి చదివారు. అందరూ అల్లారు, కొయ్య చెక్కారు, పాడారు, లెక్కలు నేర్చారు. అక్కడ ఉదయం మొదటి పాఠం దాదాపు రెండు గంటలు సాగుతుంది. మూడు నాలుగు వారాలు ఒకే విషయం మీద నిలబడతారు. పిల్లలు తమ పాఠ్యపుస్తకాన్ని తామే రాసి, బొమ్మలు వేసి తయారు చేసుకుంటారు. ఆరో తరగతి వచ్చేసరికి వృత్తలేఖినితో గీసే రేఖాగణితం ఒక కళగా మారుతుంది. మాటకూ సంగీతానికీ ఒళ్లు కదిపే ‘యూరిథమీ’ అనే సాధన ఉంటుంది.

ఆ పద్ధతి హైదరాబాద్‌కు 1997లో ‘శ్లోక’ బడితో వచ్చింది. ఆ తర్వాత నగరంలో మరికొన్ని పుట్టాయి. వాటిలో చాలా శ్రద్ధ ఉంది, టీచర్ల కష్టం ఉంది. అయితే అవి ఫీజు కట్టగలిగినవాళ్ల బడులు. సిగరెట్ ఫ్యాక్టరీ కార్మికుల పిల్లల కోసం పుట్టిన చదువు దాదాపు ఎనభై ఏళ్లు ప్రయాణం చేసి మన ఊరి దాకా వచ్చి, మన ఫ్యాక్టరీ వాడకు మాత్రం చేరలేదు. నన్ను అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టే సంగతి ఇది. స్టైనర్ ఆధ్యాత్మిక సిద్ధాంతాలను, జాతుల గురించి ఆయన రాసిన మాటలను మనం నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. జాతుల గురించిన ఆ మాటలు తప్పని ఆ బడులవాళ్లే చాలామంది ఒప్పుకుంటారు. టైంటేబుల్‌ను తీసుకుంటే చాలు.

తెలుగు పాఠకులకు ఇంకా దగ్గరి ఉదాహరణ ‘రైలుబడి’ పుస్తకం. టోక్యోలో సోసాకు కొబయాషి నడిపిన తొమోయే బడి కథను అందులో చదివి కళ్లు తుడుచుకున్న టీచర్లు మన రాష్ట్రంలో ఎందరో ఉన్నారు. కొబయాషి యూరప్ వెళ్లి డాల్‌క్రోజ్ దగ్గర లయను శరీరంతో నేర్పే పద్ధతి నేర్చుకొచ్చాడు. పిల్లలు పియానోకు అడుగులు వేసేవాళ్లు. 1945 బాంబుదాడిలో ఆ బడి కాలిపోయింది. ఆ అడుగుల సాధనకు మన దగ్గర పియానో అక్కర్లేదు. చిరుతల రామాయణం ఆడే ఊళ్లు పాత మెదక్ జిల్లాలో ఇప్పటికీ ఉన్నాయి. చిరుతలు పట్టుకుని మూడు, నాలుగు, ఏడు లెక్కలతో అడుగు మార్చే పిల్లవాడు భిన్నాలను కాళ్లతో నేర్చుకుంటున్నాడు. కోలాటం, బతుకమ్మ చప్పట్లు కూడా అంతే. బతుకమ్మను మనం సెలవుల ముందు రోజు ఒక కార్యక్రమంగా చేసి ఫొటోలు పంపుతాం. ఏడాదంతా వారానికి రెండు పీరియడ్లు ఆ లయ మీద పని చేయిస్తే అదే పాఠ్యక్రమం అవుతుంది.

దీనివల్ల మార్కులు పెరుగుతాయా? తల్లిదండ్రులు అడిగే ఈ ప్రశ్న న్యాయమైనది, దాటవేయకూడదు. అమెరికాలోని హ్యూస్టన్‌లో 42 బడులను, పదివేలకు పైగా పిల్లలను తీసుకుని లాటరీ పద్ధతిలో కొన్ని బడులకు కళాకారులను పంపి చూశారు. డేనియల్ బోవెన్, బ్రయన్ కిసిడా 2019లో ఫలితాలు చెప్పారు. కళలు వచ్చిన బడుల్లో క్రమశిక్షణ గొడవలు తగ్గాయి, రాత పరీక్షలో మార్కులు కొంత పెరిగాయి, ఇతరుల బాధ పట్ల పిల్లల స్పందన పెరిగింది. లెక్కల మార్కులు ఎగబాకలేదు. కళలు నేర్పితే అన్నిట్లో ఫస్టు వస్తారని చెప్పేవాళ్లను నమ్మవద్దని ఎలెన్ విన్నర్ లాంటి పరిశోధకులు చాలా ఏళ్లుగా హెచ్చరిస్తున్నారు. ఆ హెచ్చరిక సరైనదే. ఆటల సంగతికి వస్తే అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ 2010లో 50 అధ్యయనాలు కలిపి చూసింది. వాటిలో తేలిన సంబంధాల్లో సగం చదువుకు మేలు చూపించాయి, దాదాపు మిగతా సగం ఏ తేడా చూపలేదు. నష్టం చూపినవి ఒకటిన్నర శాతం. డ్రిల్ పీరియడ్ లాక్కుని లెక్కల స్లిప్ టెస్టు పెట్టే బడి లెక్కల్లో కూడా ఏమీ సంపాదించుకోవడం లేదని దీని అర్థం. ప్రపంచంలో 11–17 ఏళ్ల పిల్లల్లో ఐదుగురిలో నలుగురు రోజుకు గంటపాటైనా ఒళ్లు కదపడం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. గంట అన్నది ఆ సంస్థే పెట్టిన కనీస కొలత.

ఇంతకన్నా బరువైన అభ్యంతరం ఇంకొకటి ఉంది. అది దళిత, బహుజన కుటుంబాల నుంచి వస్తుంది. ‘చెప్పులు కుట్టుడు, కుండ చేసుడు మా తాతలు చేసిండ్రు. మా పిల్లగాడు బడికి పోయేది అది వదిలిచ్చుకోనీకే గదా సారూ’ అని తండ్రి అడిగితే జవాబు ఉండాలి. 1953లో మద్రాసు రాష్ట్రంలో రాజాజీ ప్రభుత్వం పల్లె పిల్లలకు బడి సగం పూటే పెట్టి, మిగతా సగం తండ్రి పని నేర్చుకోమంది. కులవిద్య అని జనం తిరగబడ్డారు, మరుసటి ఏడు కామరాజ్ దాన్ని రద్దు చేశారు. రద్దు కావడమే సరైంది. చేతిపనిని చదువులో పెడితే అది అన్ని కులాల పిల్లలకూ, అన్ని పనులూ, ఆడామగా తేడా లేకుండా రావాలి. బ్రాహ్మణ పిల్లవాడు తోలు కుట్టాలి, మాదిగ పిల్ల వీణ పట్టుకోవాలి. కంచ ఐలయ్య 2007లో పిల్లల కోసం రాసిన ‘టర్నింగ్ ది పాట్, టిల్లింగ్ ది ల్యాండ్’ పుస్తకం చెప్పులు, కుండలు, బట్టల ఉతుకులో ఉన్న శాస్త్రాన్ని ఈ చూపుతోనే చెబుతుంది. ఇంగ్లీషు కావాలన్న కోరికనూ ఇలాగే గౌరవించాలి. 2022–23 నుంచి ఒకటి నుంచి ఎనిమిది దాకా ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మీడియం వచ్చింది, ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషుగా పుస్తకాలు వచ్చాయి. ఆ ఇంగ్లీషు నోట్సు ఎక్కించుకోవడం వల్ల రాదు. నాటకం వేస్తే వస్తుంది. బిహారీ పిల్లవాడికి తెలుగూ అంతే.

ఈ అభ్యంతరానికి జవాబు మన సంగారెడ్డి జిల్లాలోనే ఉంది. ఇదే రహదారి మీద పడమరకు పోతే జహీరాబాద్ ప్రాంతంలో మాచ్‌నూరు. అక్కడ దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1993లో ‘పచ్చసాలె’ పెట్టింది. బడి మానేసి పనికి పోతున్న దళిత, పేద కుటుంబాల పిల్లల కోసం మొదలైన బడి అది. పదో తరగతి దాకా చదువు, దానితో పాటు వడ్రంగం, కుండల పని, కుట్టుపని, పుస్తకాల బైండింగు, సేద్యం. పిల్లలు పబ్లిక్ పరీక్ష రాస్తారు, చేతికి పనీ వస్తుంది. ఆడపిల్ల రంపం పట్టడం అక్కడ వింత కాదు. ఆ ఊళ్లోనే 2008లో దళిత మహిళలు నడిపే సంఘం రేడియో మొదలైంది. చిరుధాన్యాల సేద్యాన్ని మళ్లీ నిలబెట్టింది ఆ సంఘాల ఆడవాళ్లే. పిల్లలకు ఊరే పాఠ్యపుస్తకం. సంస్థకు వెన్నెముకగా ఉన్న పి.వి. సతీశ్ 2023లో పోయారు. ఆయన చేసిన పనిలో చిరుధాన్యాల గురించి అందరికీ తెలుసు, బడి గురించి తెలిసింది తక్కువ. పచ్చసాలెను మక్కీకి మక్కీగా ముత్తంగికి తేలేం. అది సేద్యపు ఊరు, ఇది ఫ్యాక్టరీల ఊరు. కానీ చదువును ఆ చోటు నుంచే మొదలుపెట్టిన తీరు తేవచ్చు.

ఎలాగంటే నక్కవాగు ఉంది. పటాన్‌చెరు, బొల్లారం ఫ్యాక్టరీల మురుగు మోసుకుని మంజీరలో కలిసే వాగు. దాని కోసం 1990 నుంచి సుప్రీంకోర్టులో కేసు నడిచింది. పటాన్‌చెరులో వైద్యం చేసిన డాక్టర్ కిషన్‌రావు బతుకంతా ఆ నీళ్ల కోసం పోరాడారు. 2007లో స్వీడన్ శాస్త్రవేత్త జోకిమ్ లార్సన్ బృందం పటాన్‌చెరు శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని చూపితే ప్రపంచం ఉలిక్కిపడింది. మందులకు లొంగని క్రిముల మీద చర్చ వచ్చినప్పుడల్లా ఈ ఊరి పేరు వస్తుంది. ఏడో తరగతి సైన్స్‌లో ఆమ్లాలు–క్షారాలు పాఠం ఉంది. ముత్తంగి పిల్లలు పసుపు కాగితం, మందారం రసం తయారు చేసుకుని ఇంటి బోరునీళ్లు, చెరువునీళ్లు పరీక్షిస్తే అది సైన్స్. మురుగును ముట్టుకోకుండా టీచర్ల వెంట గట్టు మీద నడిచి, అడుగులు కొలిచి, వాగు దారి పటం గీస్తే అది లెక్కలూ భూగోళమూ డ్రాయింగూ నడకా. ముసలివాళ్లను అడిగి వాగు ఇదివరకు ఎలా ఉండేదో రాసుకొస్తే తెలుగు. దాన్ని ఒగ్గుకథగానో బుర్రకథగానో కట్టి తల్లిదండ్రుల ముందు చెబితే సంగీతం, నాటకం, పౌరనీతి. మూడు వారాలు ఒకే విషయం. కల్యాణి చాళుక్యుల కాలంలో పొట్టలకెరెగా పేరున్న పటాన్‌చెరుతో ఇంకో మూడు వారాలు, ఇక్రిశాట్ జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగతో మరో మూడు వారాలు చేయవచ్చు. అమ్మానాన్నలు చేసే పని మీద కూడా. 2025 జూన్ 30న పాశమైలారంలో పేలుడు జరిగి నలభైమందికి పైగా కార్మికులు పోయాక, ఈ వాడ పిల్లలకు రసాయనాలేమిటో, భద్రతంటే ఏమిటో బడిలో చెప్పకుండా ఎలా ఉండగలం?

ఆడపిల్లల గురించి విడిగా చెప్పాలి. ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లోనే వాళ్లు ఆట మానేస్తారు. ఒళ్లు మారుతున్న వయసు, చున్నీ సర్దుకునే వయసు. గ్రౌండు మగపిల్లల క్రికెట్‌కు పోతుంది. ముత్తంగిలో మహాత్మా జ్యోతిబా ఫూలే బీసీ బాలికల గురుకులం ఉంది. 2021 నవంబరులో నలభైమందికి పైగా అమ్మాయిలకు కోవిడ్ వచ్చినప్పుడు రాష్ట్రమంతా దాని పేరు విన్నది. అలాంటి బడి పేరు ఇంకో కారణానికి కూడా వినిపించాలి. వినిపించగలదని మాలావత్ పూర్ణ చూపించింది. సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుతూ 13 ఏళ్లకే, 2014 మే 25న, సాధనపల్లి ఆనంద్‌కుమార్‌తో కలిసి ఎవరెస్టు ఎక్కింది. ఆర్.ఎస్. ప్రవీణ్‌కుమార్ కార్యదర్శిగా ఉన్న ఆ కాలంలో భువనగిరి కొండ మీద శిక్షణతో అది మొదలైంది. గురుకులాల్లో ఆర్ట్, క్రాఫ్ట్, మ్యూజిక్ టీచర్ల పోస్టులున్నాయి, నియామకాలూ జరిగాయి. అంటే ప్రభుత్వానికి ఈ పని ఎలా చేయాలో తెలుసు. గురుకులంలో ఉన్నది పక్కనున్న జిల్లా పరిషత్ హైస్కూలులో ఎందుకు లేదన్నదే నా ప్రశ్న.

ఒకప్పుడు ఉండేది. సిద్దిపేట కాపు రాజయ్య డ్రాయింగ్ టీచరుగా పనిచేస్తూనే బతుకమ్మలను, బోనాలను, ఎడ్లబండ్లను దేశం చూసేలా గీశారు. ఆయన దగ్గర బొమ్మలు వేసినవాళ్లంతా చిత్రకారులు కాలేదు, కానక్కర్లేదు కూడా. లోయర్, హయ్యర్ గ్రేడ్ డ్రాయింగ్ పరీక్షలు ఇప్పటికీ ఏటా జరుగుతున్నాయి. పాసైనవాళ్లు వేసవిలో 42 రోజుల టెక్నికల్ టీచర్ల (టీటీసీ) శిక్షణకూ పోతున్నారు. సర్టిఫికెట్ చేతికొచ్చాక గురుకులాల్లో తప్ప మామూలు బడుల్లో వాళ్లు రాసేందుకు పోస్టే లేదు. సర్వశిక్షా అభియాన్ కింద తీసుకున్న పార్ట్‌టైం ఇన్‌స్ట్రక్టర్లు చాలీచాలని గౌరవ వేతనంతో నెట్టుకొస్తున్నారు. ‘మన ఊరు–మన బడి’కి 2022లో 26,065 బడుల కోసం 7,289 కోట్లు అనుకున్నారు. గోడలు, మరుగుదొడ్లు, బెంచీలు, రంగులు. అవన్నీ కావాల్సినవే. ఆ పథకంలోని పన్నెండు అంశాల్లో మనిషి మాత్రం లేడు. కంపెనీల చట్టం ప్రకారం లాభంలో 2 శాతం సామాజిక బాధ్యతకు పెట్టాల్సిన పరిశ్రమలు ఈ వాడలో చాలా ఉన్నాయి. డిజిటల్ బోర్డు ఇస్తే మీద పేరు రాసుకోవచ్చు కాబట్టి అదే ఇస్తారు. మట్టి, రంగులు, కొయ్యముక్కలు, డప్పులు, హార్మోనియం, వాలీబాల్ నెట్లు ఏటేటా కొనిపెట్టమని ప్రధానోపాధ్యాయులు అడగాలి. జీతం మాత్రం ప్రభుత్వమే ఇవ్వాలి. దాతల దయ మీద నడిచే టీచరు పై ఏడాది ఉంటాడో లేడో.

ముత్తంగి, ఇస్నాపూర్, రుద్రారం హైస్కూళ్లకు కలిపి ఒక డ్రాయింగ్ సార్, ఒక సంగీతం టీచర్ ఉంటే ఒక్కో బడికి వారానికి రెండు రోజులు వస్తారు. ఒక సెక్షనుకు రెండు వరుస పీరియడ్లు ఇవ్వవచ్చు. ఆ పీరియడ్లు ఎనిమిదోది కాకుండా పొద్దున మూడు, నాలుగు కావాలి. ఎనిమిదో పీరియడ్‌ను ఎవరైనా లాక్కుంటారు. ఆ ఇద్దరికీ పన్నెండు నెలల జీతం ఇవ్వాలి, వేసవి రెండు నెలలు కోసేయకూడదు. జూన్‌లో బడి తెరిచే రోజుకే వాళ్లు స్టాఫ్ రూములో ఉండాలి.